జాజికాయ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర సంగతి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఐటీ జాబ్. ఏడాదిగా నిద్ర సరిగ్గా లేదు, పదింటికే పడుకున్నా ఒంటిగంట దాకా దొర్లడమే. మామయ్యగారి నిద్రమాత్ర ఆల్ప్రాజోలం 0.5 నాలుగు నెలలు రోజూ వేసుకున్నా, అలవాటైపోతుందని భయపడి పోయిన ఆదివారం మానేశా. ఇప్పుడు అసలు నిద్రే లేదు, చేతులు కొంచెం వణుకుతున్నాయి. గురక పెడతానని మా ఆవిడ గోల. మందుల్లేకుండా జాజికాయ పాలు, అశ్వగంధ, మెలటోనిన్ గమ్మీస్‌లో ఏది బెటర్?

జవాబు: మీరడిగింది జాజికాయ గురించి, నా కన్ను పడింది ఆ వణుకు మీద. మందుల్లేకుండా అంటున్నారు గానీ నాలుగు నెలలు మందు మీదే ఉన్నారు కదండీ. ఈ మాత్ర రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపితే ముందున్న దానికంటే నిద్ర పాడవుతుంది, దడ, చెమటలు, వణుకు వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. అందరికీ వస్తాయని కాదు, కానీ మిమ్మల్ని చూడకుండా మీకు రావని నేను చెప్పలేను. కాబట్టి ఇవాళే ఫిజీషియన్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి, మళ్లీ సొంతంగా మొదలుపెట్టకండి, డోస్ ఎంత, ఎన్ని వారాల్లో తగ్గించాలన్నది వాళ్లు చూసి చెప్తారు. మాట తడబడ్డా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే. అప్పటిదాకా కారు తీయకండి, అందులోనూ రింగ్ రోడ్డు మీద.

ఇంట్లోవాళ్ల మాత్రల స్ట్రిప్ వాడేసే ఈ జబ్బు నాకు ఓపీలో మామూలైపోయింది. పర్సులోంచి కత్తెరతో కోసిన నాలుగు మాత్రల ముక్క తీస్తారు, వెనక పేరు సగమే, "...జోలం" అని, ఎక్స్‌పైరీ ఇంకో ముక్క మీద ఉండిపోయుంటుంది. షెడ్యూల్ హెచ్1 మందు అది, షాపువాడు చీటీ చూసి రిజిస్టర్‌లో రాసుకుని అమ్మాలి, ఇంట్లో మాత్రం పప్పుబెల్లాల్లా పంచుకుంటున్నాం.

రెండోది గురక. మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటున్నారా? మీ ఆవిడని ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డ్ చేయమనండి, పగలు మీటింగుల్లో కునుకు పడుతోందా, బీపీ ఉందా కూడా చూసుకోండి. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు) అయితే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష కావాలి, పాలూ గమ్మీసూ దానికేం చేయవు. పైగా అప్నియా ఉన్నవాళ్లకి ఆల్ప్రాజోలం లాంటివి ఇంకా చేటు.

ఇక మీ ప్రశ్న. పాలల్లో చిటికెడు జాజికాయ పర్లేదు, చెంచాలకొద్దీ వేస్తే విషమే. అశ్వగంధ అరుదుగా లివర్‌ని దెబ్బతీస్తుంది, థైరాయిడ్ ఉంటే జోలికెళ్లొద్దు. మెలటోనిన్ ఇలాంటి పాత నిద్రలేమికి పెద్దగా ఒరగబెట్టేదేం లేదు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటిన నిద్రలేమికి మొదటి వైద్యం సీబీటీ-ఐ (నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చే థెరపీ), మాత్ర కాదు. మీ కేసులో పదింటికే పడుకోవడమే తప్పు, నిద్ర రాకుండా మూడు గంటలు మంచం మీద ఉంటే మంచం చూస్తేనే మెలకువ వచ్చే స్థితికి వస్తారు. కళ్లు మూతలు పడ్డాకే పడుకోండి, ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే (గడియారం చూడొద్దు) లేచి హాల్లో డిమ్ లైట్‌లో కూర్చోండి, నిద్రొస్తేనే మళ్లీ వెళ్లండి, ఎన్నింటికి పట్టినా లేచేది మాత్రం ఒకటే టైమ్, ఆదివారం కూడా. సాయంత్రం అయిదింటి ఫిల్టర్ కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదింటికీ ఒంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నంతో ఆపేయండి. పడక టైమ్ బాగా కుదించే పద్ధతి ఒకటుంది, అది ఆ మాత్ర గొడవ తేలాక థెరపిస్ట్ దగ్గరే చేయాలి, యూట్యూబ్ చూసి కాదు. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల ఆస్పత్రి) ఉంది, ఎక్కడికెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

అన్నట్టు, నాలుగు నెలలు ఆయన మాత్రలు మీరు వేసుకుంటే మామయ్యగారు ఏం వేసుకున్నట్టు? ఆయన కూడా మానేసి కూర్చున్నారేమో, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.