గోడలు పక్కకి జరిగే ఇల్లు

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ ఊళ్ళో ఉన్న రీట్‌వెల్డ్ ష్రోడర్ ఇంటి ఫోటోలు చూశానండీ, 1924లో కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. పై అంతస్తులో గోడలే లేవంటున్నారు, మరి ఆ ఇల్లు కట్టించుకున్న ట్రూస్ ష్రోడర్ గారు ముగ్గురు పిల్లలతో ఎలా ఉండేవారు? అంతా కాంక్రీటేనా?

జవాబు: కాంక్రీటు కాదండీ. పునాదులకీ బాల్కనీలకీ మాత్రమే అది, గోడలు మామూలు ఇటుకే, పైన ప్లాస్టరింగ్ చేసి తెలుపూ బూడిదరంగూ వేసేసరికి విడివిడి పలకలు నిలబెట్టినట్టు కనిపిస్తుంది.

ఇక పైన గోడలు లేకపోవడం కాదు, ఉన్నవి జరుగుతాయి. పగలు పక్కకి తోసేస్తే మెట్ల చుట్టూ అంతా ఒకటే పెద్ద హాలు, రాత్రి లాగితే అబ్బాయికో గది, అమ్మాయిలిద్దరికీ కలిపి ఒకటి. ఇలాంటి అంతస్తుకి అప్పటి బిల్డింగ్ రూల్స్ ఒప్పుకోవు కాబట్టి ప్లానులో దాన్ని అటక అని చూపించారు, కింద మాత్రం మామూలు గదులే. నాకైతే అన్నిటికన్నా ఇష్టం భోజనాల బల్ల దగ్గరి మూల, అక్కడ స్తంభం లేదు, రెండు వైపులా కిటికీలు తెరిచారంటే మూలే మాయమైపోయి మీరు బయట కూర్చున్నట్టే ఉంటుంది.

అందరూ ఇంటికి అక్కడక్కడా వేసిన ఎరుపు, నీలం, పసుపు రంగుల గురించే మాట్లాడతారు గానీ ఈ ఇంట్లో సగం ఆలోచన ట్రూస్ ష్రోడర్ గారిదని నేను గట్టిగా నమ్ముతాను. 1923లో భర్త పోయారు, పిల్లలు పెద్దవాళ్ళ మాటలు వింటూ వాళ్ళ మధ్యే పెరగాలన్నది ఆవిడ పట్టుదల, అందుకే అందరూ కలిసుండే చోటు పైన పెట్టించారు, అప్పట్లో ఊరి చివర కాబట్టి అక్కణ్ణించి పొలాలు కనిపించేవి కూడా. ఆవిడతో కలిసి ఈ ఇల్లు డిజైన్ చేసిన గెరిట్ రీట్‌వెల్డ్ ఏమో కుర్చీలూ బల్లలూ చేసే పనివాడు, పూర్తి ఇల్లు కట్టడం ఆయనకి అదే మొదలు, ఆ గోడలు ఒక బీరువా తలుపుల్లా అంత నీట్‌గా కుదరడానికి ఆ చెక్కపని అనుభవమే కారణం అనిపిస్తుంది.

1960ల్లో ఇంటి ఎదురుగా ఎత్తుగా పెద్ద రోడ్డు వేసేశారు, పొలాలు కనిపించకుండా పోయాయి, అది తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది. అయినా ఆవిడ ఆ ఇల్లు వదల్లేదు, 1985లో 95 ఏళ్ళ వయసులో పోయేవరకూ అక్కడే ఉన్నారు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, ఇప్పుడది మ్యూజియం, ఎప్పుడైనా వెళ్తే ఆ మూల కిటికీ దగ్గర కాసేపు నిలబడండి.