హైదరాబాద్, విశాఖ ఇండియన్ ఓపెన్ స్నూకర్ ఫలితాలకు విలువ ఎంత?

మీరు అడిగినవి రెండు విషయాలు. ఇండియన్ ఓపెన్ ర్యాంకింగ్ టోర్నమెంటులో ఫైనల్ తప్ప మిగిలిన మ్యాచ్‌లన్నీ ఏడు ఫ్రేములవే (ఫ్రేము అంటే మ్యాచ్‌లో ఒక విడి ఆట) కాబట్టి అది ఒక రకమైన లాటరీ కాదా అన్నది మొదటిది. అలాంటప్పుడు 2016లో హైదరాబాద్‌లోనూ, 2017లో విశాఖపట్నంలోనూ వచ్చిన ఫలితాలను పట్టించుకోవాలా అన్నది రెండవది. ఆ రెండు టోర్నమెంట్లనూ నేను హాలులో కూర్చుని చూశాను. హైదరాబాద్‌లోని ఒక క్లబ్బులో చాలా ఏళ్లుగా ఆడుతున్నాను కూడా. చిన్న మ్యాచ్‌లలో అదృష్టం పాలు ఎక్కువన్న మీ మాట నిజమే కాని, దాని నుంచి మీరు తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను.

ముందుగా ఫలితాలు చెప్పుకుందాం. 2016 జూలై 5 నుంచి 9 వరకు హైటెక్ సిటీ దగ్గరి హెచ్ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగిన టోర్నమెంటులో స్కాట్లాండుకు చెందిన ఆంథనీ మెక్‌గిల్ ఫైనల్‌లో ఇంగ్లండు ఆటగాడు కైరన్ విల్సన్‌ను 5-2తో ఓడించాడు. అది మెక్‌గిల్‌కు మొట్టమొదటి ర్యాంకింగ్ టైటిల్. మరుసటి ఏడాది సెప్టెంబరు 12 నుంచి 16 వరకు విశాఖ బీచ్ రోడ్డులోని నోవోటెల్‌లో జరిగిన టోర్నమెంటులో అదే మెక్‌గిల్ మళ్ళీ ఫైనల్ చేరుకుని, జాన్ హిగ్గిన్స్ చేతిలో 1-5తో ఓడిపోయాడు. రెండు జాబితాలలోనూ ఒకే పేరు కనిపించడాన్ని నేను చాలా ముఖ్యమైన విషయంగా భావిస్తాను.

ఇక ర్యాంకింగ్ సంగతి. 2014 నుంచి ప్రపంచ ర్యాంకులను ఆటగాడు గత రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నమెంట్లలో గెలుచుకున్న ప్రైజ్ మనీ ఆధారంగా నిర్ణయిస్తున్నారు. గెలిచిన ప్రతి పౌండూ ఒక పాయింటుతో సమానం, రెండేళ్లు నిండగానే ఆ మొత్తం లెక్కలో నుంచి తొలగిపోతుంది. హైదరాబాద్ విజేతకు దక్కింది 50,000 పౌండ్లు. 2019 నుంచి ప్రపంచ ఛాంపియన్‌కు ఇస్తున్న 5,00,000 పౌండ్లతో పోలిస్తే అది పదో వంతే. అంటే చిన్న టోర్నమెంటుకు చిన్న విలువ, పెద్ద టోర్నమెంటుకు పెద్ద విలువ అన్న తూకం ఆ పద్ధతిలోనే ఉంది. అయినా మొదటి పదహారు స్థానాల అంచున ఉన్న ఆటగాడికి 50,000 అంటే మాటలు కాదు. ఆ పదహారు మందికి షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్వాలిఫయింగ్ అవసరం లేకుండా నేరుగా చోటు దొరుకుతుంది.

లాటరీ అన్న మీ మాటను ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక ఆటగాడు తన ప్రత్యర్థితో వంద ఫ్రేములు ఆడితే 55 గెలిచేంత మెరుగైనవాడని అనుకుందాం. ఏడు ఫ్రేముల మ్యాచ్‌లో, అంటే ముందుగా నాలుగు గెలిచినవారిదే విజయం అనే పద్ధతిలో, అతడు గెలిచే అవకాశం దాదాపు 61 శాతం. క్రూసిబుల్ ఫైనల్‌లా 35 ఫ్రేములు ఆడిస్తే అది 72 శాతం దాకా పెరుగుతుంది. ఇంతవరకు మీ వాదనే నెగ్గుతుంది. అయితే 128 మందితో మొదలయ్యే టోర్నమెంటులో, బ్రిటన్‌లో జరిగే క్వాలిఫయింగ్ రౌండుతో కలిపి, విజేత ఏడు మ్యాచ్‌లు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ 61 శాతం అవకాశం ఉన్న ఆటగాడు ఆ ఏడింటినీ వరుసగా గెలవడం నూటికి మూడుసార్లకు మించి జరగదు. అలాంటి పరీక్షలో ఒకసారి టైటిల్ గెలిచి, వెంటనే మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్ దాకా వచ్చిన మనిషిని అదృష్టవంతుడని పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు. మెక్‌గిల్ చిన్న మ్యాచ్‌లకు సరిగ్గా సరిపోయే ఆటగాడు. మొదటి ఫ్రేము నుంచే చేయి కుదిరి ఉండటం కూడా నైపుణ్యమే. ఒకటి రెండు ఫ్రేములు పోయాక గాని చేయి తిరగని ఆటగాళ్లను మా క్లబ్బులోనూ చూస్తూనే ఉంటాను.

ఈ విషయం స్కోరు పట్టికలో కంటే హాలులో బాగా తెలుస్తుంది. మొదటి రౌండ్లలో హెచ్ఐసీసీలో టేబుళ్లకు చాలా దగ్గరగా కూర్చోగలిగాను. టీవీలో పాట్లే, అంటే బంతులను పాకెట్లలో వేయడమే, కనిపిస్తాయి; దగ్గర నుంచి చూస్తే సేఫ్టీ ఆట, అంటే ప్రత్యర్థికి సులువైన షాట్ దొరకకుండా చేసే ఆట, కనిపిస్తుంది. ఎర్ర బంతుల గుంపు అంచున ఉన్న ఒక్క బంతిని తెల్ల బంతి వెంట్రుకవాసిలో తాకి, పక్క కుషన్ (టేబుల్ లోపలి రబ్బరు అంచు) మీదుగా వెనక్కి వచ్చి, ఆట మొదలుపెట్టే వైపున్న బాల్క్ కుషన్‌ను ఆనుకుని ఆగేది. అప్పుడు ప్రత్యర్థికి తెల్ల బంతి పైభాగం మాత్రమే దొరుకుతుంది. చేతిని చెక్క అంచు మీద ఆనించి క్యూను కొంచెం ఎత్తి కొట్టవలసి వస్తుంది, అందువల్ల బంతి అనుకున్న దారిలో పోవడం కష్టమవుతుంది. అలా నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిచాక ఎవరో ఒకరు ఒక ఎర్ర బంతిని అంగుళం ఎక్కువ బయటపెడతారు, ఫ్రేము అక్కడే తేలిపోతుంది. ఆ తరువాత వచ్చే డెబ్బై, ఎనభై పాయింట్ల బ్రేక్ (ఒకే విడతలో వరుసగా సాధించే పాయింట్లు) అప్పటికే తేలిన దానికి లెక్క రాయడం వంటిది. తెల్ల గ్లౌజులు వేసుకున్న రెఫరీ నల్ల బంతిని తీసి మళ్ళీ దాని స్థానంలో పెడుతుంటే హాలంతా చప్పట్లు కొడుతుంది. నా చప్పట్లు మాత్రం ఆ బ్రేక్‌కు దారి తీసిన సేఫ్టీకే.

ఇంకొక సంగతి మన వాతావరణానికి సంబంధించినది. వానాకాలంలో మా క్లబ్బు టేబుల్ గుడ్డ తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, బంతి సగం దారిలోనే నెమ్మదిస్తుంది. టేబుళ్లు చూసుకునే మా మార్కర్ రోజూ బ్రష్ చేసి ఇస్త్రీ పెట్టినా పూర్తిగా కుదరదు. ప్రొఫెషనల్ టేబుళ్లకు రాతి పలక కింద వేడి చేసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి గుడ్డ పొడిగా, వేగంగా ఉంటుంది. జూలై హైదరాబాద్‌లోనూ, సెప్టెంబరు విశాఖలోనూ ఆ టేబుళ్ల మీద బంతులు దొర్లిన తీరు చూసినవారు ఫలితాలను వాతావరణం మీదకు నెట్టరు.

విశాఖ ఫైనల్‌కు వస్తే, 5-1 అన్న అంకెల వెనుక హిగ్గిన్స్ స్థాయి ఉంది. 1998, 2007, 2009, 2011లలో ప్రపంచ ఛాంపియన్ అయిన అతడికి విశాఖలో గెలిచినది 29వ ర్యాంకింగ్ టైటిల్. దానితో 28 దగ్గర సమానంగా ఉన్న స్టీవ్ డేవిస్‌ను, రోనీ ఓ సలివన్‌ను దాటి, అప్పటికి స్టీఫెన్ హెండ్రీ 36 టైటిళ్ల తరువాతి స్థానంలో నిలిచాడు. అంటే స్నూకర్ చరిత్ర పట్టికలో ఒక వరుస మన బీచ్ రోడ్డు మీద మారింది. దానికి సుమారు నాలుగున్నర నెలల ముందు ఇదే హిగ్గిన్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో మార్క్ సెల్బీ మీద 10-4 ఆధిక్యంలో ఉండి కూడా 15-18తో ఓడిపోయాడు. పొడవైన మ్యాచ్‌లో అంత ఆధిక్యమూ కరిగిపోవచ్చు, తొమ్మిది ఫ్రేముల మ్యాచ్‌లో 4-1 వస్తే ప్రత్యర్థికి ఊపిరాడదు. ఈ తేడా నిజమైనదే. అయితే రెండూ రెండు రకాల పరీక్షలు, వాటిలో ఒకటి నిజమూ మరొకటి అబద్ధమూ అనుకోకూడదు.

హైదరాబాద్ ఫైనల్ ఆడిన ఇద్దరూ 2020 ఆగస్టులో క్రూసిబుల్ సెమీఫైనల్‌లో తలపడ్డారు. 33 ఫ్రేముల ఆ మ్యాచ్ 16-16కు చేరి, ఆఖరి ఫ్రేము గంటకు పైగా సాగింది. చివరికి విల్సన్ కొట్టిన గ్రీన్ బంతి ఫ్లూక్‌గా, అంటే అనుకోకుండా, మరో పాకెట్లో పడి, ఫ్రేము 103-83తో అతడిదైంది. గెలిచినవాడే కన్నీళ్లు పెట్టుకున్న మ్యాచ్ అది. తరువాత 2024లో విల్సన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పొడవైన మ్యాచే అదృష్టానికి తావివ్వదు అనేవారు ఆ గ్రీన్ బంతిని గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లో ఎవరో అనామకులు ఫైనల్ ఆడారు అనేవారికి ఈ ఇద్దరి తరువాతి చరిత్రే సమాధానం.

మీ వాదనకు బలమిచ్చే సంగతి ఒకటుంది, దాన్ని దాచను. 2013 నుంచి 2019 వరకు జరిగిన అయిదు ఇండియన్ ఓపెన్లలో మూడింటిని మొదటిసారి ర్యాంకింగ్ టైటిల్ గెలిచినవారే తీసుకుపోయారు: 2015లో ముంబయిలో మైకేల్ వైట్, 2016లో హైదరాబాద్‌లో మెక్‌గిల్, 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్. చిన్న మ్యాచ్‌లు కొత్తవారికి తలుపు తెరుస్తాయనడానికి ఇదే నిదర్శనం. నా దృష్టిలో ర్యాంకింగ్ వ్యవస్థకు అలాంటి తలుపు కావాలి. ఎప్పుడూ పొడవైన మ్యాచ్‌లే ఆడిస్తే పై పదహారు మంది స్థానాలు ఏళ్ల తరబడి కదలవు.

ఫైనల్ స్కోరు ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దని నేను ఇంత పట్టుబట్టడానికి అన్నిటికంటే పెద్ద కారణం 2013 ఢిల్లీ ఫలితం. అక్కడ ఆదిత్య మెహతా డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడిపోయాడు. ఆ అంకె మాత్రమే చదివితే అతడికి ఆట చేతకానట్టు అనిపిస్తుంది. కాని అతడు సెమీఫైనల్‌లో స్టీఫెన్ మాగ్వైర్‌ను 4-3తో ఓడించి, ర్యాంకింగ్ టోర్నమెంటు ఫైనల్ ఆడిన తొలి భారతీయుడిగా అక్కడికి చేరాడు. ఎదురుగా ఉన్న డింగ్ అప్పుడే షాంఘై మాస్టర్స్ గెలిచి వచ్చాడు, ఢిల్లీ వెనుకనే ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. అలా వరుసగా మూడు ర్యాంకింగ్ టైటిళ్లు గెలవడం 1990లో హెండ్రీ తరువాత అప్పటివరకు మరెవరికీ సాధ్యం కాలేదు.