మావాడు రాత్రంతా నోట్స్ సాఫ్ట్‌వేరే రాస్తున్నాడు, ఉద్యోగం వస్తుందా?

ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క రాశారు. వాళ్లది బట్టల అంగడి, అబ్బాయి అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. క్లాసులో మిగతా పిల్లలు ఏఐ కోర్సులనీ కోడింగ్ టెస్టులనీ పరుగులు పెడుతుంటే వీడు మాత్రం నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేస్తూ కూర్చుంటాడట, దానికి నెట్ అక్కర్లేదట, రాసిందంతా మన కంప్యూటర్లోనే ఉంటుందట, ఎవరి సర్వర్‌కూ పోదట. "నోట్స్ యాప్‌లు ఉత్తగానే బోలెడు దొరుకుతాయి కదా, మళ్లీ అదే చేస్తే ఎవరు కొంటారు, ఎవరు ఉద్యోగం ఇస్తారు? పైగా ఒక సప్లీ కూడా ఉంది" అని ఆమె టెన్షన్.

అక్కా, ఎవరు కొంటారన్న దాంట్లో మీరే కరెక్టు. దాదాపు ఎవరూ కొనరు. అబ్సిడియన్ అనే ఇలాంటి నోట్స్ యాప్ 2020 నుంచి ఉంది, సొంత వాడకానికి ఉచితం, మనం రాసిన ప్రతి నోటూ మన ఫోల్డర్లో మామూలు టెక్స్ట్ ఫైలుగా పడి ఉంటుంది. జాప్లిన్, లాగ్‌సెక్ అనే నోట్స్ యాప్‌ల వాళ్లయితే తమ కోడ్ కూడా అందరికీ తెరిచిపెట్టారు. వీటిని నడిపేవి చిన్న చిన్న జట్లు, క్యాంపస్‌కి వచ్చి వందమందిని తీసుకునే రకం కాదు. కాబట్టి నోట్స్ యాప్ అమ్ముకుని బతుకుతానంటే వద్దనే చెప్పండి. ఇంకో మాట, ఇప్పుడు ఏఐని అడిగితే మామూలు నోట్స్ యాప్ ఒక పూటలో రాసిచ్చేస్తుంది, అందుకే రెజ్యూమెలో "నోట్స్ యాప్ చేశాను" అన్న ఒక్క ముక్క చూసి ఎవరూ ఆగరు.

అయితే వాడి పట్టుదల ఊరికే వచ్చింది కాదు. 2023 చివర్లో ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ వాళ్లు ఉచితంగా వాడేవాళ్లకి 50 నోట్లే అని గీత గీశారు. అప్పటికే వేలల్లో రాసుకున్నవాళ్లు పాతవి చదువుకోవచ్చు, బయటికి తీసుకుపోవచ్చు, కొత్తది రాయాలంటే మాత్రం డబ్బు కట్టాలి. మన రాతలు ఇంకొకరి దగ్గరుంటే ఇదే జరుగుతుందని ఈ పిల్లల వాదన. అది తప్పని నేననను.

అసలు సంగతి ఇది కూడా కాదు, కొంచెం ఓపిగ్గా చదవండి. మీ అంగడి పద్దే తీసుకుందాం. ఒక పార్టీ మీకు 4,200 బాకీ అనుకోండి. ఒకరోజు నెట్ లేదు. అంగడిలో మీరు వెయ్యి వసూలు చేసి మీ ఫోన్లో బాకీని 3,200గా మార్చారు. అదే మధ్యాహ్నం ఆ పార్టీ మనిషి గోడౌన్ దగ్గర 1,500 సరుకు పట్టుకుపోతే మీ ఆయన తన ఫోన్లో 5,700 అని మార్చాడు. సాయంత్రం నెట్ వచ్చి రెండు ఫోన్లూ కలిశాయి. ఇప్పుడు ఏది నిలవాలి? చాలా సాఫ్ట్‌వేర్లు ఆఖరున రాసిందే ఖాయం అంటాయి, అంటే ఒకరి పద్దు చప్పుడు లేకుండా గల్లంతు, మీకు తెలిసేది ఆ పార్టీతో గొడవ పడ్డాకే. నిజమైన బాకీ 4,700. అది రావాలంటే బాకీ మొత్తాన్ని కాకుండా "వెయ్యి వచ్చింది", "1,500 సరుకు పోయింది" అని విడివిడిగా రాసి పెట్టుకోవాలి, ఏ ఫోన్ ముందు కలిసినా లెక్క ఒకటే వస్తుంది. చెప్పినంత తేలిక కాదు. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు చోట్ల దిద్దితే, ఒకరు తీసేసిన నోటునే ఇంకొకరు పెంచుకుంటూ పోతే ఏం చేయాలన్నది ఇంకా చిక్కు. ఇలా విడివిడిగా మార్చినవాటిని గల్లంతు కాకుండా కలపడం కోసమే సీఆర్‌డీటీ అనే పద్ధతులు వచ్చాయి, ఆటోమెర్జ్, వైజేఎస్ లాంటి లైబ్రరీలు, అంటే ఎవరైనా తమ యాప్‌లో వాడుకునేలా రాసిపెట్టిన కోడ్, వాటి మీదే నడుస్తాయి. మీవాడు ఈ ముడి విప్పుతున్నాడా, లేక స్క్రీన్‌కి రంగులు మారుస్తూ కూర్చున్నాడా అన్నదే నాకు కావాల్సిన విషయం. రంగులైతే మీ కోపం న్యాయమే.

ఎందుకంటే ఈ పని తెలిసినవాళ్లు నోట్స్ కంపెనీలకే కాదు, చాలా చోట్ల కావాలి. ఊరూరూ తిరిగి అప్పులు వసూలు చేసే సంస్థల యాప్, ఇంటింటికీ పోయి వివరాలు రాసుకునే ఆరోగ్య కార్యకర్తల యాప్, కొట్లలో బిల్లింగ్ మెషిన్, డెలివరీ పిల్లల ఫోన్, అన్నీ సిగ్నల్ లేనప్పుడు కూడా నడవాలి, తర్వాత లెక్క తప్పకుండా కలవాలి. ఆ ఉద్యోగాల పేర్లలో "ఆఫ్‌లైన్" అని ఎక్కడా ఉండదు, ఆండ్రాయిడ్ డెవలపర్ అనో బ్యాకెండ్ డెవలపర్ అనో ఉంటుంది. ఇక ప్రైవసీ సంగతికొస్తే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చు, అందుకని జనం వివరాలను జాగ్రత్తగా దాచడం తెలిసినవాళ్లకి విలువ పెరుగుతోంది.

ఇక వాడితో చెప్పాల్సింది. కొత్త ఫీచర్లు ఆపెయ్యమనండి. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రెండింట్లో ఒకే నోటు మార్చి, తర్వాత కలిపితే ఏమవుతుందో చిన్న వీడియో తీసి, కోడ్ నలుగురికీ చూపించుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి, పక్కనే ఏ సమస్య వచ్చింది, ఎట్లా తీర్చాడు అని ఒక పేజీ రాయాలి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే. ఇంకొకటి, తెలుగులో వెతకడం. రాసిన అక్షరాలనే పోల్చి వెతికే సాఫ్ట్‌వేర్లలో "అనంతపురం" అని వెతికితే "అనంతపురంలో" దొరుకుతుంది, "అనంతపురానికి" దొరకదు, ఎందుకంటే అక్షరమే మారిపోతుంది. మన భాషలో రాసుకునేవాళ్లకి రోజూ తగిలే ఇబ్బంది ఇది, దాన్ని సరిచేసి జాప్లిన్ లాంటి దాంట్లో కలిపించగలిగితే, సొంతంగా పది యాప్‌లు చేసినదానికంటే నేను దానికే ఎక్కువ మార్కులేస్తాను. జాప్లిన్‌లా కోడ్ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్లకి కొత్తవాళ్లతో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ఉంది, 18 నిండినవాళ్లు పెట్టుకోవచ్చు, ఎంపికైతే డబ్బు కూడా ఇస్తారు, దరఖాస్తులు ఏడాది మొదట్లోనే. జాప్లిన్ అందులో కొన్నేళ్లు పాల్గొంది. దరఖాస్తుకు పైసా కట్టక్కర్లేదు, సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే నమ్మొద్దు.

సప్లీ సంగతి వేరే. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు, అక్కడ వాడి కోడ్ ఎంత గొప్పదైనా చూసే నాథుడుండడు. కాబట్టి ముందు ఆ సబ్జెక్టు, తర్వాతే సాఫ్ట్‌వేర్. దీంట్లో బేరాల్లేవు. డేటా స్ట్రక్చర్లు, ఎస్‌క్యూఎల్, ఆప్టిట్యూడ్ రోజూ ఉదయం రెండు గంటలు, రాత్రిళ్లు వాడిష్టం. ఏఐ కోర్సు ఫీజుకి అప్పు చేయాలా అని కూడా అడిగారు కదా, వద్దు.

అంగడి పద్దు దాంట్లో పెట్టమని వాడు మిమ్మల్ని బతిమాలుతున్నాడని రాశారు. పెట్టండి గానీ పుస్తకం కూడా రాస్తూ ఉండండి. మన దగ్గరే ఉంటుందంటే ఆ ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోతే అంతా పోతుందని కూడా కదా, వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ తీయించండి. దానికి పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తే మాత్రం ఆ పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసి బీరువాలో పెట్టండి, మర్చిపోతే తెరిచిచ్చే కంపెనీ ఏదీ ఉండదు.

వీడియో తయారయ్యాక దాని లింకూ, వాడి మార్కుల మెమోలూ పంపించండి. రెజ్యూమె ఎట్లా రాయాలో వాడికే నేరుగా చెప్తాను.