సౌండ్‌బార్‌కి ఏ వైరు వాడాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైర్ల గురించే. అన్నీ హైదరాబాద్ నుంచే, అన్నింటిలోనూ ఒకటే టెన్షన్: షాపులో చెప్పింది నమ్మాలా వద్దా అని. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మొన్ననే కొత్త టీవీ, దానికో సౌండ్‌బార్ కొన్నాం. షాపులో ఆప్టికల్ కేబుల్ విడిగా తీసుకోవాలన్నారు. మామూలుది మూడు వందలు, బంగారు పూత ఉన్నది నాలుగున్నర వేలు. రెండోది తీసుకుంటే సౌండ్ క్లియర్‌గా ఉంటుందట. మావారేమో ఇంత పెట్టాం కదా, ఇది కూడా పెట్టేద్దాం అంటున్నారు. నిజంగా తేడా వినిపిస్తుందా?
(మల్కాజిగిరి నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: వినిపించదండీ. ఆ నాలుగున్నర వేలు దాచుకోండి.

ఆప్టికల్ కేబుల్‌లో కరెంటు పారదు, వెలుగు వెళ్తుంది. లోపల ఉండేది సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ తీగ. టీవీ వెనక సాకెట్‌లో ఒక చివర పెట్టి, రెండో చివరని అరచేతికి దగ్గరగా పట్టుకుంటే చేతి మీద కుంకుమ బొట్టంత ఎర్రటి చుక్క పడుతుంది. మీ పాట, మీ సీరియల్ డైలాగు అన్నీ ఆ చుక్కలోనే ఉన్నాయి. 1983లో తోషిబా వాళ్లు తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. బంగారు పూత పనికొచ్చేది లోహానికి లోహం తగిలే చోట, తుప్పు పట్టకుండా ఉండటానికి. వెలుగు వెళ్లే దారిలో బంగారానికి పనేముంది? అది పిన్ను చుట్టూ అందానికి పూసింది.

మన పెద్దవాళ్లు టేప్ రికార్డరు రోజుల్లో వైరు మారిస్తే సౌండ్ మారుతుంది అనేవారు, అప్పట్లో అది కొంతవరకు నిజమే, ఎందుకంటే ఆ వైరులో వెళ్లేది పాట తాలూకు అసలు అల, దారిలో ఏది కలిసినా, ఏది తగ్గినా చెవికి తెలిసిపోయేది. డిజిటల్‌లో వెళ్లేవి ఒకట్లు, సున్నాలు. అవతలి పెట్టె వాటిని చదవగలిగితే పాట పూర్తిగా వస్తుంది. చదవలేకపోతే టప్‌టప్‌మని చప్పుడు వస్తుంది, మధ్యమధ్యలో సౌండ్ ఆగిపోతుంది, లేదా అసలే రాదు. వైరు పాడైతే కనిపించే లక్షణాలు ఇవే. బేస్ కాస్త తగ్గడం, గొంతు కాస్త మసకగా వినిపించడం లాంటివి డిజిటల్ వైరు వల్ల జరగవు. కాబట్టి షాపులో "ఇందులో బేస్ ఎక్కువండీ" అని ఎవరైనా అంటే వైరు కింద పెట్టేసి వచ్చేయండి.

అసలు మిమ్మల్ని అడగాల్సిన మాట వేరే ఉంది: మీకు ఆప్టికల్ ఎందుకు? మీ సౌండ్‌బార్ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ ఉందేమో చూడండి. దాని పక్కన ఏఆర్‌సీ (ARC) అనో ఈఏఆర్‌సీ (eARC) అనో రాసి ఉంటే, అంటే టీవీ సౌండ్‌ని అదే వైరులో వెనక్కి సౌండ్‌బార్‌కి పంపే సౌకర్యం ఉంటే, టీవీలో కూడా అదే పేరున్న సాకెట్ వెతికి ఆ రెండింటినీ కలపండి. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్నా ఈ పని చేసేది సాధారణంగా ఒక్కటే, వేరేదాంట్లో పెట్టి సౌండ్ రావట్లేదని సర్వీసు వాళ్లకి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. చాలా సౌండ్‌బార్లకి ఈ వైరు డబ్బాలోనే ఇస్తారు, ఒకసారి థర్మాకోల్ కింద కూడా వెతకండి.

ఆప్టికల్ మీద ఇది మేలు అనడానికి కారణం ఉంది. ఆప్టికల్ దారి ఇరుకు. మామూలు స్టీరియో పడుతుంది, నొక్కి చిన్నది చేసిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) డాల్బీ డిజిటల్ గానీ డీటీఎస్ గానీ పడుతుంది, అంతకు మించి పట్టదు. ఓటీటీ యాప్‌లలో వచ్చే డాల్బీ అట్మాస్, అంటే సౌండ్ పైనుంచి కూడా వచ్చినట్టు అనిపించే పద్ధతి, డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రూపంలో వస్తుంది, ఆప్టికల్ దాన్ని మోయలేదు. ఏఆర్‌సీ మోస్తుంది. బ్లూరే డిస్కులో ఉండే ఏమాత్రం తగ్గించని సౌండ్ కావాలంటే ఈఏఆర్‌సీ ఉండాలి. మీరు అట్మాస్ సౌండ్‌బార్‌కి డబ్బు పెట్టి దాన్ని ఆప్టికల్‌తో కలిపితే ఆ పెట్టిన డబ్బులో సగం వాడనట్టే. పైగా హెచ్‌డీఎంఐ అయితే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెంచుకోవచ్చు. దానికి టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (ఒక రిమోట్‌తో రెండు పెట్టెలూ నడిపించే సౌకర్యం) ఆన్ చేయాలి, ఈ పేరుతో కనపడకపోతే కంగారుపడకండి, శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది.

సౌండ్‌బార్‌లో హెచ్‌డీఎంఐ లేదు, ఆప్టికల్ ఒక్కటే ఉంది అంటే ఆ మూడు వందలదే తీసుకోండి. రెండు మీటర్లకి అదే చాలు.

ప్రశ్న: ఆప్టికల్ వైరు పెట్టాం, లోపల ఎర్ర లైటు కూడా కనిపిస్తోంది, సౌండ్ మాత్రం రావట్లేదు.
(ఉప్పల్)

జవాబు: రెండు చూడండి. వైరు చివర గోరంత ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, పారదర్శకంగా ఉండటంతో కంటికి ఆనదు, రెండు వైపులా తీశారా? తీసే ఉంటే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి, అంటే నొక్కని మామూలు డిజిటల్ సౌండ్‌కి, మార్చండి. పాత స్పీకర్లలో చాలావాటికి డాల్బీ అర్థం కాదు, పీసీఎం అయితే అన్నింటికీ అర్థమవుతుంది.

ఇంకోటి, వైరు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. సైదాబాద్‌లో మా అక్క వాళ్లింట్లో దసరాకి సౌండ్ ఆగి ఆగి వస్తుంటే బావ సౌండ్‌బార్ పోయిందని తేల్చేశాడు, వారంటీ కాగితం కూడా బయటికి తీశాడు. నేను టీవీ యూనిట్ కొంచెం ముందుకి లాగి చూస్తే, పండక్కి ఇల్లు దులిపినప్పుడు దాన్ని గోడకి ఆనించి తోసేయడంతో వైరు సాకెట్ దగ్గరే విరిచిన అగరుబత్తిలా వంగిపోయి ఉంది. వైరు మార్చాం, సౌండ్ సరిగ్గా వచ్చింది. లోపలి తీగ ప్లాస్టిక్‌ది కాబట్టి దాన్ని గుండ్రంగా తిప్పొచ్చు గానీ మడవకూడదు. యూనిట్‌కీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచండి.

ప్రశ్న: నాన్నగారి పాత సీడీ ప్లేయర్ వెనక కోయాక్సియల్ డిజిటల్ అని ఒక సాకెట్ ఉంది. కొత్త ఆంప్లిఫైయర్‌కి కూడా ఉంది. కోఠిలో నాలుగు షాపులు తిరిగితే ఆ వైరు లేదన్నారు, ఒకాయన ఆన్‌లైన్‌లో రెండు వేలు అవుతుందన్నాడు. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ తాలూకు పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు ఉన్నాయి. వాటితో పనవుతుందా?
(దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అవుతుంది, పసుపుదాన్ని వాడండి. కోయాక్సియల్ డిజిటల్ అంటే అవే ఒకట్లు, సున్నాలు వెలుగుగా కాకుండా రాగి వైరులో కరెంటుగా వెళ్లే దారి. దానికి కావాల్సింది 75 ఓమ్‌ల (ఇంపెడెన్స్ అనే కొలత) వైరు. వీడియో కోసం చేసే పసుపు వైరు కూడా 75 ఓమ్‌లదే, పిన్ను కూడా ఒకటే. ఎరుపు, తెలుపు ఆడియో వైర్లకి ఆ కొలత పాటించాలన్న నియమం లేదు, అర మీటరు దూరానికి అవి కూడా పనిచేయొచ్చు గానీ చేతిలో పసుపుది ఉండగా వాటి జోలికెందుకు?

దూరం ఎక్కువైతే ఇంకో దారి ఉంది. మీ ఇంటికి కేబుల్ టీవీ కోసమో డిష్ కోసమో లాగే నల్ల వైరు ఆర్‌జీ 6, అది కూడా 75 ఓమ్‌లదే. మీ వీధి కేబుల్ అబ్బాయిని కావాల్సిన పొడవుకి కోసి రెండు చివర్లా మామూలు మర కనెక్టర్ బిగించమనండి. దాని మీద ఆర్‌సీఏ పిన్నుకి (పసుపు వైరుకి ఉండే పిన్నే) మార్చే చిన్న అడాప్టర్ పెట్టాలి, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. "డిజిటల్ కోయాక్సియల్ కేబుల్" అని అడిగితే లేదంటారు, "పసుపు వీడియో వైరు" అనో "డిష్ వైరుకి ఆర్‌సీఏ పిన్ను" అనో అడిగితే ఇస్తారు, సరుకు అదే.

నాన్నగారి సీడీలు వినడానికి ఈ దారిలో చోటు చాలినంత ఉంది. సీడీలో ఉండేది సెకనుకి 44,100 నమూనాలు, 16 బిట్లు, అది ఇందులో ఏమీ నొక్కకుండా యథాతథంగా వెళ్తుంది.

ప్రశ్న: నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాం, ఇంటీరియర్ పని జరుగుతోంది. టీవీ గోడ మీద, ఆంప్లిఫైయర్ ఎదురుగా మూలన అల్మారాలో. వైరు దారి పన్నెండు మీటర్లు వస్తోంది. ఎలక్ట్రీషియన్ ఏదో ఒక హెచ్‌డీఎంఐ వైరు తెచ్చివ్వండి, గోడలో వేసేస్తా అంటున్నాడు. ఏది కొనాలి?
(నిజాంపేట)

జవాబు: వైరు కంటే ముందు పైపు గురించి ఆలోచించండి. ఏదో ఒకటి తెచ్చి ప్లాస్టరింగ్‌లో పూడ్చేస్తే అది పోయిన రోజు గోడ పగలగొట్టాలి, అలా పగలగొట్టిన ఇళ్లు నేను చూశాను. ఎలక్ట్రీషియన్లు లైట్ల వైరింగ్‌కి వాడే ముప్పావు అంగుళం పైపులో హెచ్‌డీఎంఐ తల వంపు దగ్గరే ఇరుక్కుంటుంది. కనీసం ఒకటిన్నర అంగుళం పైపు వేయించండి, ఎల్బోలు కాకుండా వెడల్పు బెండ్లు పెట్టించండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయమనండి, రేపు కొత్త వైరు లాగడానికి అది కావాలి. కరెంటు వైర్లని ఆ పైపులో వేయనివ్వకండి.

ఇక వైరు. ఇక్కడ మాత్రం చవకది కొనొద్దని నేనే చెబుతాను. రెండు మీటర్లకి దాదాపు ఏ వైరైనా పనిచేస్తుంది, పన్నెండు మీటర్ల దూరంలో మామూలు రాగి వైరు మీద 4కే బొమ్మ మినుకుమినుకుమనొచ్చు, నల్లబడొచ్చు. ఆ దూరానికి లోపల ఫైబర్ ఉండే యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. కొనేముందు డబ్బా మీద ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ పనిచేస్తాయని రాసి ఉందో లేదో చూడండి, అన్నీ చేయవు. దానికి దిక్కు కూడా ఉంటుంది, ఒక చివర సోర్స్ అని, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. సౌండ్ టీవీ నుంచి ఆంప్లిఫైయర్‌కి వస్తోంది కదా అని టీవీ వైపు సోర్స్ పెట్టేస్తారు చాలామంది. అది తప్పు. బొమ్మ వెళ్లే దిక్కే లెక్క, టీవీ వైపు డిస్‌ప్లే చివరే ఉండాలి. గోడలో లాగేముందు నేల మీద పరిచి రెండు చివర్లూ తగిలించి ఒక సినిమా అరగంట చూడండి, ఆ తర్వాతే పైపులోకి పంపండి.

ప్రశ్న: లాప్‌టాప్‌కి యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటని స్పీకర్లకి వెళ్లే అనలాగ్ అలగా మార్చే చిన్న పెట్టె) పెట్టి స్పీకర్లలో పాటలు వింటాను. ఎప్పుడూ సన్నగా గుంయ్‌మని చప్పుడు. మంచి యూఎస్‌బీ వైరు కొంటే పోతుందా?
(తార్నాక నుంచి ఓ విద్యార్థి)

జవాబు: బాబూ, కొనే ముందు ఈ చిన్న పరీక్ష చెయ్యి. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద పాట పెట్టు. చప్పుడు ఆగిపోయిందా? అయితే గొడవ యూఎస్‌బీలో వెళ్తున్న పాటది కాదు, చార్జర్ నుంచి, ఎర్త్ నుంచి వైరు వెంట పాకే కరెంటుది. ఖరీదైన యూఎస్‌బీ వైరులో కూడా అదే రాగి ఉంది, అది కూడా మోసుకొస్తుంది. లాప్‌టాప్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడు, చాలాసార్లు దాంతోనే తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆ కరెంటు దారిని తెంచే యూఎస్‌బీ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, అది పెట్టు. ఆప్టికల్‌లో ఈ సమస్యే రాదు, వెలుగు ఎర్త్ కరెంటుని మోయదు కాబట్టి, నీ డాక్‌కి ఆప్టికల్ సాకెట్ ఉంటే టీవీ నుంచి వినేటప్పుడు అదే వాడు.

బ్యాటరీ మీద కూడా చప్పుడు వస్తుంటే డాక్ నుంచి స్పీకర్లకి వెళ్లే వైరు మార్చు. అది అనలాగ్ వైరు, అక్కడ మంచి షీల్డింగ్ ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

కొంతమంది స్నేహితులు చార్జర్ మూడో పిన్ను విరిచేస్తే చప్పుడు పోతుందని చెబుతారు. చప్పుడు పోవచ్చు, కానీ చార్జర్ లోపల ఏదైనా తగలబడి కరెంటు బయటికి వచ్చిన రోజు నిన్ను కాపాడేది ఆ పిన్నే. దాని మీద చెయ్యి వేయకు. హాస్టల్ గదిలో సాకెట్‌కి అసలు ఎర్త్ ఉందో లేదో ముందు వార్డెన్‌తో చెప్పి ఎలక్ట్రీషియన్‌తో చూపించు.