చంద్రుడి మీద దుమ్ము తేలదు, దూసుకుపోతుంది

ప్రశ్న: మా ఊళ్లో ఎన్నికల సభకు హెలికాప్టర్ దిగినప్పుడు లేచిన దుమ్ము ఎంతసేపటికీ అణగలేదు. చంద్రయాన్-3 దిగాక కూడా దుమ్ము అణిగేదాకా రోవర్‌ని కొన్ని గంటలు ఆపారని టీవీలో విన్నాను. గాలే లేనిచోట దుమ్ము ఎలా లేస్తుంది సార్?
– ఇంటర్ విద్యార్థిని, తణుకు

జవాబు: లేపేది అక్కడి గాలి కాదమ్మా, ఇంజిన్ వదిలే వాయువు. ఇక అణగడం సంగతి. మీ ఊళ్లో దుమ్మును గాలి మోస్తుంది, అందుకే అది తేలుతూ ఉంటుంది. చంద్రుడి మీద మోసేవాళ్లు లేరు. లెక్క నువ్వే వేసి చూడు. అక్కడ గురుత్వ త్వరణం 1.62 మీ/సె². సెకనుకు 100 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా లేచిన రేణువు కూడా రెండు నిమిషాల్లో కింద పడుతుంది. దుమ్ము కోసమే గంటలు ఆగారన్న మాట నాకు మింగుడుపడదు. దిగిన వెంటనే చూసుకోవాల్సిన పనులు ల్యాండర్‌కి వేరే బోలెడుంటాయి.

ఎంత మట్టి లేచిందో లెక్కగట్టింది మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాస్త్రవేత్తలే. చంద్రయాన్-3 దిగకముందు, దిగాక చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా తీసిన ఫొటోలను పోల్చి, 108.4 చదరపు మీటర్ల మేర సుమారు 2.06 టన్నుల మట్టి చెదిరిందని చెప్పారు. సమంగా లేచిందనుకుంటే చదరపు మీటరుకు 19 కిలోలు, అంటే మందం సెంటీమీటరు పైచిలుకు. లోతు తక్కువే, చూశావా? శూన్యంలో వాయువు ఒకచోట గుచ్చుకోకుండా విచ్చుకుని, నేలను రాసుకుంటూ పక్కలకు పోతుంది. అపోలో 11 ఇంజిన్ కింద చెప్పుకోదగ్గ గుంటే పడలేదని ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి నుంచే చెప్పాడు.

అసలు టెన్షన్ లోతుతో కాదు, దూరంతో. అడ్డుకునే గాలి లేకపోవడంతో సన్న రేణువులు సెకనుకు కిలోమీటరుకు పైగా వేగం అందుకుని, దారిలో దేనికైనా తగిలేదాకా ఆగవు. 1969 నవంబరులో అపోలో 12 దిగినచోటికి సుమారు 160 మీటర్ల దూరంలో, 1967లో దిగిన మనుషుల్లేని నౌక సర్వేయర్ 3 ఉంది. అపోలో 12 వ్యోమగాములు కాన్రాడ్, బీన్ దాని కెమెరాను కోసి భూమికి తెచ్చారు. అపోలో ల్యాండర్ వైపున్న పక్కంతా ఇసుకతో కొట్టినట్టు గీరుకుపోయి ఉంది, ఏదైనా అడ్డున్నచోట మాత్రం నీడ అచ్చుపడింది. అది కూడా సర్వేయర్ ఒక గుంటలో ఉండి, ధూళి చాలావరకు పైనుంచి పోయినందుకు తగిలిన చిన్న దెబ్బే.

అంగారకుడి దారి వేరు. పల్చగానైనా అక్కడ గాలి ఉంది, అది వాయువును అంతగా విచ్చుకోనివ్వదు, దాంతో జెట్ నేలను తవ్వుతుంది. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ దిగినప్పుడు పైమట్టి ఎగిరి కింద మంచు బయటపడింది (నాకు మహా ఇష్టమైన ఫొటో అది). క్యూరియాసిటీ రోవర్‌ని ఇంజిన్లు నేలకు దూరంగా ఉండేలా తాళ్లతో దించినా, దాని గాలి సెన్సార్లలో ఒకటి పాడైంది. లేచిన రాళ్లు తగిలి ఉంటాయని అనుమానం.

ప్రశ్న: కొత్త నౌకలు దిగితే అపోలో అడుగుజాడలు చెరిగిపోవా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పక్కనే దిగితే చెరిగిపోతాయి. అందుకే అపోలో స్థలాలకు 2 కిలోమీటర్ల దూరంలో దిగమని నాసా 2011లో సూచించింది. నౌకలు మళ్లీ మళ్లీ దిగే చోటైతే గట్టి దిమ్మె కట్టక తప్పదంటాను. అన్నట్టు, అపోలో 11 జెండా ఎప్పుడో పడిపోయింది. తిరుగు ప్రయాణంలో తమ ఇంజిన్ ఊదుడుకే అది ఒరగడం వ్యోమగామి ఆల్డ్రిన్ కిటికీలోంచి చూశాడు.