డబ్బు తిరిగి అడిగితే విలువలు లేనట్టా?

ప్రశ్న: పెళ్ళయి ఆరేళ్ళయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, నాలుగేళ్ళ పాప ఉంది. మా పుట్టింట్లో ఎవరి డబ్బు వాళ్ళది. అన్నదమ్ముల మధ్య అయినా తీసుకుంటే రాసుకుంటారు, చెప్పిన తేదీకి ఇచ్చేస్తారు. అత్తగారింట్లో ఆ లెక్కే లేదు, ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకోవడమే. మా ఆయన చిన్నప్పుడే మామగారు పోతే వీళ్ళందరూ పెదమామగారింట్లో పెరిగారట. ఏడాది కిందట మరిది వ్యాపారం పెడుతుంటే మా ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మా జాయింట్ అకౌంట్‌లోంచి పెద్ద మొత్తం తీసి ఇచ్చేశారు. అది పాప చదువు కోసం ఇద్దరం దాచింది. మొన్న ఉండబట్టలేక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనే ‘ఎప్పుడు తిరిగిస్తావు’ అని మరిదిని అడిగాను. అంతే, అత్తగారు ఏడుపు, ఆడపడుచు మాటలు మానేసింది, మా ఆయనైతే ‘మీ ఇంట్లో మనుషుల కన్నా లెక్కలే ఎక్కువ, నీకు విలువలు లేవు’ అనేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, మా నాన్నగారు హాస్పిటల్లో ఉన్నప్పుడు రాత్రిళ్ళు తోడు కూర్చుంది ఆ మరిదే. కానీ చెప్పకుండా డబ్బు తీయడం కూడా విలువేనా? పాపని ఎవరి పద్ధతిలో పెంచాలి? నేను క్షమాపణ చెప్పాలా?

జవాబు: మీరు ఎదురుచూస్తున్న మాట ముందు చెప్పేస్తాను. మీ ఆయన చేసింది తప్పే. ఇద్దరూ కలిసి దాచుకున్న డబ్బుని ఒకరు చెప్పకుండా తీసి ఇచ్చేస్తే దాన్ని ‘మా ఇంటి పద్ధతి’ అని సర్దిచెప్పుకోవడం కుదరదు. వాళ్ళింట్లోనూ ఎవరైనా కష్టపడి తనది తాను ఇస్తేనే దాన్ని మంచితనం అంటారు, పక్కవాళ్ళ వాటా కూడా కలిపి ఇచ్చేసి నేను పెద్దమనసు చేసుకున్నాను అనుకోవడం ఏ ఇంట్లోనూ చెల్లదు.

అయితే మీ ఉత్తరంలో రెండు గొడవలున్నాయి, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మొదటిది మీ ఇద్దరి మధ్యది, అడగలేదు, చెప్పలేదు అనేది. రెండోది రెండు ఇళ్ళ మధ్యది, దగ్గరివాళ్ళకి ఇచ్చిన డబ్బుని తిరిగి అడగొచ్చా లేదా అనేది. మొదటిదాంట్లో న్యాయం పూర్తిగా మీ వైపే ఉంది. రెండోదాంట్లో అలా కాదు. మీరు మొదటిదాని కోపాన్ని రెండోదాని మీద చూపించారు. మీ ఆయన రెండోదాన్ని అడ్డం పెట్టుకుని మొదటిదాన్ని దాటేశారు, అదీ తెలివిగానే దాటేశారు. ఎందుకంటే ఇప్పుడు ఇంట్లో అందరూ మీ మెసేజ్ గురించే మాట్లాడుతున్నారు, ఆయన చేసిన పని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కదా.

రెండో గొడవ ఇంత పెద్దది ఎందుకైందో కాస్త నెమ్మదిగా చూద్దాం. ఆలన్ ఫిస్క్ అనే ఆంత్రోపాలజిస్టు 1992లో ఒక సిద్ధాంతం రాశారు, నాకు కుటుంబ తగాదాలు చూసేటప్పుడు బాగా పనికొస్తుంది. మనుషులు ఒకరితో ఒకరు మెలిగే తీరు ఎక్కడైనా ప్రధానంగా నాలుగు రకాలేనంటారు ఆయన. ఉన్నదంతా అందరిదీ అనుకోవడం ఒకటి, పెద్దవాళ్ళు చెప్పింది చిన్నవాళ్ళు వినడం ఒకటి, నువ్వెంత చేస్తే నేనూ అంత చేస్తాను అనే సమానం ఒకటి, ఖర్చెంత, లాభమెంత అని చూసే బేరం ఒకటి. అందరికీ ఈ నాలుగూ తెలుసు, అందరూ వాడతారు. ఏ సంబంధంలో ఏది వాడాలన్న దగ్గరే ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ తేడా వస్తుంది. మీ పుట్టింట్లో అన్నదమ్ముల మధ్య సమానం నడుస్తుంది, మీ అత్తగారింట్లో అన్నదమ్ముల మధ్య ‘అందరిదీ’ నడుస్తుంది. ఒక పద్ధతి నడిచే చోటికి ఎవరైనా ఇంకోదాన్ని తీసుకొస్తే జనానికి మామూలు కోపం రాదు, అవమానం జరిగినట్టు ఉంటుంది. మీ మరిదికి ‘ఎప్పుడిస్తావు’ అన్న మాట ‘నువ్వు మాకు పరాయివాడివి’ అని వినిపించి ఉంటుంది. మీకేమో ‘ఎందుకు అడిగావు’ అన్న మాట ‘నీ కష్టానికి ఇక్కడ లెక్కే లేదు’ అని వినిపించింది. ఆ మాటలన్నవాళ్ళ ఉద్దేశం రెండు చోట్లా అది కాకపోవచ్చు.

ఇక ‘నీకు విలువలు లేవు’ అన్న మాట. ఇది చాలా ఇళ్ళలో వింటాను, ఎప్పుడు విన్నా చిరాకే వేస్తుంది, ఎందుకంటే దాదాపు ఎప్పుడూ అబద్ధమే. షాలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ పరిశోధకుడు దశాబ్దాల పాటు దేశదేశాల్లో మనుషుల విలువల మీద సర్వేలు చేశారు. సంస్కృతి ఏదైనా కనబడేవి పది రకాల విలువలు అని 1992లో తేల్చారు, భద్రత, సంప్రదాయం, స్వేచ్ఛ, దగ్గరివాళ్ళ బాగు కోరుకోవడం, అధికారం ఇలాంటివి. 2001లో అనాత్ బార్డీతో కలిసి 50కి పైగా దేశాల టీచర్ల, విద్యార్థుల జవాబులు పోల్చి చూస్తే దాదాపు ప్రతిచోటా పైన ఉన్నది ఒకటే, మనవాళ్ళ మంచి చూసుకోవడం. సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోవడం కూడా పైవరసలోనే ఉంది. అధికారం అట్టడుగున ఉంది. అంటే మీ అత్తగారికి స్వేచ్ఛ అక్కర్లేదని, మీకు మనుషులు అక్కర్లేదని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు. రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఏది వదులుకుంటారన్న దగ్గరే మీరూ వాళ్ళూ విడిపోతున్నారు.

ఇదే పరిశోధనల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఫిషర్, ష్వార్ట్జ్ 2011లో చూపించిన దాని ప్రకారం విలువల విషయంలో దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడా కన్నా ఒకే దేశంలో మనిషికీ మనిషికీ మధ్య తేడానే చాలా ఎక్కువ. కాబట్టి ‘మీ వాళ్ళంతా ఇంతే’ అనే మాట ఇద్దరూ మానేయండి. మీ అత్తగారింట్లో కూడా లోలోపల లెక్కలు వేసుకుని బాధపడేవాళ్ళు ఒకరైనా ఉండే ఉంటారు. పైకి అనలేక ఊరుకుంటారు, అంతే.

హాస్పిటల్ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్ళిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగాను. మరిది అలా కూర్చుంది మీరు రాసిపెట్టుకోలేదు కదా? ఎన్ని రాత్రులైతే దానికి బదులుగా ఏం చేయాలో లెక్కేయలేదు కదా? మిమ్మల్ని ఇప్పుడు బాధపెడుతున్న పద్ధతి ఏదో, ఆ రోజు మీ నాన్నగారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది కూడా ఆ పద్ధతే. అవసరం ఉంది, మనిషి వెళ్ళాడు. జోన్ మిల్లర్, ఆమె సహ పరిశోధకులు 1990లో భారతీయులనీ అమెరికన్లనీ పోల్చి ఒక అధ్యయనం చేశారు. ఎదుటివాళ్ళ అవసరం చిన్నదైనా సాయం చేయడం మన బాధ్యత అని భారతీయులు ఎక్కువగా చూశారు. అవసరం చిన్నదైతే, ఎదుటివాళ్ళు దగ్గరివాళ్ళు కాకపోతే అది చేసేవాడి ఇష్టం అని అమెరికన్లు ఎక్కువగా అన్నారు. అలాంటి తేడానే ఒకే దేశంలో, ఒకే కులంలో, పక్కపక్క ఇళ్ళ మధ్య కూడా నేను చూస్తుంటాను. బాధ్యత అనుకునేవాళ్ళు థాంక్స్ చెప్తే కూడా నొచ్చుకుంటారు. ఇష్టం అనుకునేవాళ్ళు థాంక్స్ చెప్పకపోతే నొచ్చుకుంటారు.

అలాగని మీ పుట్టింటి పద్ధతిలో ప్రేమ లేదనుకోకండి. తీసుకున్నది టైముకి ఇచ్చేయడంలో ఎదుటివాడిని అడిగే ఇబ్బందిలో పెట్టకపోవడం ఉంది. ఎవరి నెత్తినా ఎవరి భారం పడకుండా చూసుకోవడం ఉంది. ఈ పద్ధతిలో పెరిగినవాళ్ళకి ఎవరి దగ్గరైనా ‘వద్దు’ అనగలిగే ధైర్యం ఉంటుంది, అది చిన్న విషయం కాదు. ‘అందరిదీ’ అనే ఇళ్ళలో వద్దు అనలేక అప్పులపాలైన పెద్దకొడుకులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మీ ఆయన పెదనాన్నగారింట్లో పెరిగారని రాశారు. రొనాల్డ్ ఇంగ్లెహార్ట్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1970ల నుంచీ చెప్పిన మాట ఒకటుంది, మనిషికి ఏది ముఖ్యమనేది పెద్దయ్యాక ఉన్న పరిస్థితి కన్నా పెరిగే వయసులో దేనికి కొరత పడ్డాడన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుందని. ఆయన దేశాల గురించీ తరాల గురించీ అన్నారు, నేను ఒక్క మనిషికి వాడుతున్నాను, కొంచెం సాగదీస్తున్నట్టే, అయినా మీ ఆయన విషయంలో ఆలోచించదగ్గదే అనిపిస్తోంది. పెదనాన్న ఆ రోజు ‘తమ్ముడి పిల్లలకి నేనెంత ఖర్చు పెడుతున్నాను’ అని కాగితం మీద రాసి ఉంటే మీ ఆయన చదువు ఎక్కడ ఆగేదో. తమ్ముడు డబ్బు అడిగితే ‘మా ఆవిడని అడిగి చెప్తాను’ అనడం ఆయనకి ఆ పెదనాన్నకి ద్రోహం చేసినంత పని అనిపించి ఉండొచ్చు. ఇదంతా ఆయన చేసినదాన్ని ఒప్పు చేయదు. కానీ ఆయన మిమ్మల్ని చులకన చేయాలని చేయలేదని మీకు కొంత తెలుస్తుంది. అలాగే మీ నాన్నగారికి ఈ రాసుకునే అలవాటు ఎప్పుడు మొదలైందో ఒకసారి అడగండి. దాని వెనక కూడా ఏదో ఉండే ఉంటుంది, మీకు ఇప్పటిదాకా చెప్పి ఉండకపోవచ్చు.

అయితే అన్ని పద్ధతులూ సమానమే, ఎవరిది వాళ్ళకి గొప్ప అని నేను అనడం లేదు. అలా అనేస్తే ఎంత అన్యాయమైనా ‘మా పద్ధతి’ అనే మాట వెనక దాక్కుంటుంది. నేను చూసేది ఒకటే: ఆ విలువకి ఖర్చు ఎవరు భరిస్తున్నారు, వాళ్ళకి నోరు ఉందా? పెదనాన్న తన సంపాదన ఖర్చు పెట్టారు, తనే నిర్ణయించుకున్నారు. మీ ఆయన చేసినదాంట్లో సగం ఖర్చు మీది, పాపది, నిర్ణయంలో మాత్రం మీకు చోటు లేదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట మీదే ఉండండి. ‘మీ వాళ్ళు’, ‘మా వాళ్ళు’, ‘విలువలు’ ఇవేవీ ఎత్తొద్దు. ‘తమ్ముడికి ఇవ్వడం గురించి నేను గొడవ పడటం లేదు, నన్ను అడక్కపోవడం గురించి అడుగుతున్నాను’ అనండి. ఆయన పక్కకి తీసుకెళ్తారు, అలవాటు కదా, మళ్ళీ అక్కడికే తీసుకురండి.

తర్వాత డబ్బుకి ఒక ఏర్పాటు చేసుకోండి. ప్రతినెలా ఇంత అని ఆయన చేతిలో పెట్టండి, తన వాళ్ళకి ఎవరికిచ్చినా మీరు అడగరు, అది తిరిగి వస్తుందని ఆశ కూడా పెట్టుకోరు. మీకూ అంతే ఉండాలి. పాప పేరున దాచేది వేరే అకౌంట్‌లో, ఇద్దరి సంతకం లేకుండా రూపాయి కదలకుండా పెట్టుకోండి. దీనికి ఆయన ఒప్పుకుంటే మీ రెండు ఇళ్ళ పద్ధతులూ మీ ఇంట్లో ఉండగలవు. ఒప్పుకోకపోయినా, ఒప్పుకుని మళ్ళీ చాటుగా ఇచ్చినా అప్పుడిది విలువల తేడా కాదు, నమ్మకం పోయిన కేసు. దానికి ఇద్దరూ కలిసి ఎవరైనా కౌన్సెలర్ దగ్గర కూర్చోవాల్సిందే, ఆ లోపు మీ జీతం విడిగా ఉంచుకోవడానికి మొహమాటపడకండి.

మరిది ఇవ్వాల్సిన డబ్బు సంగతి మీరు అడగొద్దు, ఇచ్చింది మీ ఆయన, అడగాల్సిందీ ఆయనే. అది అప్పా, ఊరికే ఇచ్చిందా అని ముందు ఆయన మీకు తేల్చి చెప్పాలి, ఎందుకంటే ఆయనకే తెలియదేమో అని నా అనుమానం. ఊరికే ఇచ్చానంటే పాప అకౌంట్‌లో ఆ లోటు ఆయన వాటాలోంచి నెలనెలా నింపమనండి.

పాప గురించి టెన్షన్ వద్దు. పిల్లలు రెండు పద్ధతులు చక్కగా నేర్చుకుంటారు, ఏది ఎక్కడ నడుస్తుందో పెద్దవాళ్ళ కన్నా ముందే కనిపెట్టేస్తారు. నానమ్మ దగ్గర అన్నీ పంచుకుంటుంది, అమ్మమ్మ దగ్గర తీసుకున్న బొమ్మ తిరిగి తెచ్చిస్తుంది. తన ముందు ఒకరి ఇంటిని ఇంకొకరు వెక్కిరిస్తే మాత్రం, రెండిట్లో ఒకటి తనలోంచి తీసేసుకోవాలేమో అనుకుంటుంది. మీ ఇద్దరూ జాగ్రత్త పడాల్సింది అదొక్క దాని దగ్గరే.

క్షమాపణ అన్నారు. డబ్బు గురించి అడిగినందుకు చెప్పక్కర్లేదు, చెప్తే రేపు ఇంకోసారి అడిగే హక్కు కూడా పోతుంది. గ్రూపులో, అందరి ముందు అడిగినందుకు మాత్రం చెప్పండి. అదీ గ్రూపులో కాదు, మరిదికి ఫోన్ చేసి. ‘నీతో విడిగా మాట్లాడాల్సింది, అందరిలో అడిగాను, అది బాగోలేదు’ అంటే చాలు, వివరణలు వద్దు. హాస్పిటల్ రోజుల మాట కూడా ఆ ఫోన్‌లోనే ఎత్తండి. అత్తగారికీ ఆడపడుచుకీ మీరు వేరుగా చెప్పుకోనక్కర్లేదు, ఆ ఇంట్లో ఒకరికి చెప్పింది అందరికీ చేరుతుంది.