డిపాజిట్ ఖాళీ చేసి ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ కొంటారా?

ప్రశ్న: సార్, నాది సైన్ బోర్డుల షాపు. వినైల్ మీద ప్రింట్ తీసి ఫోమ్ షీట్‌కి అతికించి ఇస్తుంటాను. అక్రిలిక్, పీవీసీ షీట్ల మీద నేరుగా ప్రింట్ కావాలంటే బయట చేయిస్తాను. అలాంటివి నెలకు 40 షీట్ల దాకా ఉంటాయి, లాభంలో సగం వాళ్లకే పోతోంది. షీటును బల్ల మీద పరిచి నేరుగా ప్రింట్ కొట్టి, ఇంక్‌ను యూవీ ల్యాంపులతో అక్కడికక్కడే ఆరబెట్టే యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో బేరానికి వచ్చింది. 80 శాతం బ్యాంకు ఇస్తుంది. మిగతా 20 శాతానికి ఇంటి కోసం బ్యాంకులో దాచిన డిపాజిట్ తీసి, తక్కువైనది పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. వాయిదాలు 3 ఏళ్లకు పెట్టుకోవాలా, 5 ఏళ్లకా?

జవాబు: 3 ఏళ్లా 5 ఏళ్లా అన్నది తర్వాత చూద్దాం. ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నది కూడా దానికోసం కాదు. మెషీన్ కొనే చిన్న వ్యాపారుల్లో చాలామంది చేసే పనే మీరూ చేయబోతున్నారు, చేతిలో ఉన్న నగదంతా మార్జిన్ (బ్యాంకు ఇవ్వగా మీరు పెట్టుకోవాల్సిన వాటా) కింద పోసేసి, మెషీన్ షాపులోకి వచ్చిన మొదటి రోజే ఖాళీ జేబుతో నిలబడటం.

ముందు మీరు చెప్పిన 40 షీట్ల సంగతి. 8×4 అడుగుల షీటంటే దాదాపు 3 చదరపు మీటర్లు, అంటే నెలకు మీ పని 120 చదరపు మీటర్లు. మెషీన్ గంటకు 15 చదరపు మీటర్లు కొడుతుందనుకున్నా 8 గంటల్లో అయిపోతుంది. షీట్లు ఎక్కించడం, దించడం, తుడవడం అన్నీ కలుపుకొని రెండు రోజులనుకోండి. మిగతా నెలంతా ఆ మెషీన్ ఏం చేస్తుంది? బయటివాళ్లకు పోతున్న సగం లాభం మీ కళ్లకు కనిపిస్తోంది గానీ, ఆ సగంలోంచి ఈఎంఐ, ఇంక్, కరెంటు, ఆపరేటర్ జీతం వెళ్లాక ఏం మిగులుతుందో కాగితం మీద వేసి చూశారా?

పైగా ఇది పని లేనప్పుడు స్విచ్ ఆపేసి కవర్ కప్పి ఉంచే మెషీన్ కాదు. తెల్ల ఇంక్‌లోని టైటానియం డయాక్సైడ్ బరువుకి అడుక్కి దిగుతుంది, దాన్ని తిప్పుతూ ఉండాలి, ఇంక్ చిమ్మే హెడ్లు శుభ్రం చేస్తూ ఉండాలి, అలా శుభ్రం చేసిన ప్రతిసారీ కొంత ఇంక్ పారబోసినట్టే. ఆర్డర్ లేని రోజు కూడా ఖర్చు ఉంటుంది.

ఇక అసలు భయం. ఎండకో, సరిగ్గా నిలబెట్టకపోవడం వల్లో కాస్త వంగిన షీటు ఒకటి బెడ్ మీదకు వస్తుంది, షీటును బెడ్‌కి పీల్చి పట్టే వాక్యూమ్ దాన్ని పూర్తిగా పట్టదు, ఒక మూల లేస్తుంది. హెడ్‌కీ షీటుకీ మధ్య ఉండే ఖాళీ ఒకటి రెండు మిల్లీమీటర్లే. హెడ్లను మోసే క్యారేజ్ వేగంగా వచ్చి ఆ మూలను తగులుతుంది. టక్‌మని ఒక్క చప్పుడు, తర్వాత తీసిన నాజిల్ చెక్‌లో (హెడ్‌లోని ఇంక్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అని చూసే గీతల ప్రింట్) గీతలకు గీతలే మాయం. హెడ్ మార్చాలి, అది చిన్న ఖర్చు కాదు, పైగా ఆదాయం ఆగిపోయిన రోజునే ఆ ఖర్చు నెత్తిన పడుతుంది. ఈఎంఐ మాత్రం ఆగదు కదా. అప్పుడు ఎక్కడ తెస్తారు? డిపాజిట్ లేదు, పర్సనల్ లోన్ ఇప్పటికే వాడేశారు. మిగిలేది క్రెడిట్ కార్డు, లేదా రోజువారీ వడ్డీవాళ్లు. సరిగ్గా ఇక్కడే షాపులు మూతపడతాయి, ఆర్డర్లు లేక కాదు.

అందుకని నా మాట ఒకటే: సంతకం పెట్టే ముందు మూడు మొత్తాలు విడిగా ఉండాలి. ఇంటికి 6 నెలల ఖర్చు (దీన్ని మెషీన్ కోసం ముట్టుకోవద్దు, ఏ పరిస్థితిలోనూ), 3 నెలల ఈఎంఐ, ఒక హెడ్ ఖరీదు. ఇవి పోగా మిగిలిందే మీ మార్జిన్. సరిపోలేదంటే ఇంకా టైమ్ రాలేదని అర్థం, అంతే. బిల్లుల డబ్బు మీ చేతికి రెండు మూడు నెలలకు వస్తుంది, షీట్లవాడు మాత్రం రొక్కం అడుగుతాడు, ఆ సందు పూడ్చడానికి కూడా ఈ నిధే దిక్కు.

మార్జిన్ కోసం పర్సనల్ లోన్ అన్న ఆలోచన మాత్రం ఈరోజే మానేయండి. అప్పు తీర్చడానికి అప్పు తెచ్చేవాళ్లను చూశాం, మీరు అప్పు పుట్టించుకోవడానికే ఇంకో అప్పు తెస్తున్నారు! రేపు వాయిదాలు తప్పి బ్యాంకు మెషీన్ తీసుకుపోయినా ఈ లోన్ మీ పేరు మీదే ఉంటుంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. బ్యాంకు చేయించే ఫైర్ పాలసీ ఉంటుందిలే అనుకుంటే పొరపాటు, హెడ్ షీటుకి తగిలితే అది అగ్నిప్రమాదం కాదు. మెషినరీ బ్రేక్‌డౌన్ కవర్ విడిగా అడగండి, అందులో కూడా హెడ్లు, ల్యాంపులు 'అరిగిపోయే భాగాలు' అంటూ మినహాయింపుల్లో పెట్టారేమో చదవండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ లేకపోతే లోన్ కన్నా ముందు అది.

అప్పటిదాకా బయటే చేయించుకోండి, నెలకు ఇన్ని షీట్లు ఇస్తానని మాటిచ్చి రేటు తగ్గించమని అడగండి. లీజుకు దొరికితే చూడొచ్చు. నెలకు 40 కాస్తా 150 దాటి, కొన్ని నెలలు అలాగే నిలబడితే అప్పుడు 5 ఏళ్లకే పెట్టుకోండి, ముందే కట్టేస్తే పెనాల్టీ లేదని రాతలో తీసుకుని.

సెకండ్ హ్యాండ్‌దే కొంటానంటే, అమ్మేవాళ్లు చూపించే శాంపిల్ నమ్మొద్దు. మీ షీట్లు మీరే పట్టుకెళ్లండి, ముఖ్యంగా పాలీప్రొపిలీన్‌వి, వాటికి ఇంక్ అంత తేలిగ్గా పట్టదు. తెలుపుతో సహా అన్ని రంగుల నాజిల్ చెక్ మీ ముందే తీయించండి. ప్రింట్ అయిన షీటు ఒక రోజు ఉంచి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, టేప్ అంటించి లాగండి, ఇంక్ ఊడి వస్తుందేమో చూడండి. ఆ మోడల్ హెడ్లు ఇంకా తయారవుతున్నాయో లేదో సర్వీసు ఇంజినీర్‌ని అడగండి, అమ్మేవాళ్లను కాదు.